ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్

వాడరేవు సముద్రతీరాన్నీ, అక్కడి నుంచి పడమరకు పరుచుకొన్న పత్తి, మిరప మైదానాలనూ ఒక సంవత్సరకాలం పాటు ఛాయాచిత్రాలలో నిలుపుకోవాలని మా కళాశాలలో కొందరం సంకల్పించుకొన్నాం. ఇందుకోసం అందరం కలిసి కొంత సొమ్ము పోగుచేశాం. అది ఒక్క కెమెరాకు సరిపోయే సొమ్ము. రెండోసారి పోగుచేసే శక్తి మాలో ఎవరికీ లేదు. ఉన్నదంతా పెట్టి మేలైన మిర్రర్‌లెస్ కెమెరా కొని, దానితోపాటు వచ్చే చిన్న లెన్సుతో సరిపెట్టుకొందామని కొందరు వాదించారు. కెమెరా సామాన్యమైనదైనా సరే, లెన్సులు మంచివి ఉండాలని మరికొందరు పట్టుబట్టారు. ఈ వాదోపవాదాల నడుమ మా చేతికి చిక్కినది రాజా దీన్‌దయాళ్ చిత్రాల సంపుటం ఒకటి. నూట ఇరవై ఏళ్ల క్రితం కన్నుమూసిన ఆ మహనీయుని జీవితం మా తగవును తీర్చిన తీరు పాఠకులకు విన్నవించుకోవాలని ఈ వ్యాసం.

ఆయన జీవితం మా తీరంతో ముడిపడినది కాదు. ఆయన కీర్తికి స్థావరమైన హైదరాబాదు నిజాం రాజ్యంలోనిది. మా ప్రాంతం ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అయినప్పటికీ ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా ఆవరణలో ఆయన పరాయివాడు కాడు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్‌కు చేరువనున్న సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. ఛాయాగ్రహణం ఆయనకు కులవృత్తి కాదు, చదివిన చదువూ కాదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి సర్వే విద్య, నకాశీలు గీయడం నేర్చుకొన్నారు. నేడు ఐఐటీ రూర్కీగా ప్రసిద్ధికెక్కినది ఆ కళాశాలే. 1866లో చదువు ముగించుకొని ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసే ఉద్యోగంలో కుదురుకొన్నారు. గొలుసు పట్టి భూమిని కొలవడం, మట్టాలు చూడడం, ఎక్కడ నిలిచి చూస్తే ఏ గోడ ఏ గోడను కప్పుతుందో కాగితంపై లెక్కగట్టడం ఆయన దినచర్య. కెమెరా చేపట్టేనాటికి ఆయన వయస్సు ముప్ఫై. సంవత్సరం 1874. ఈ వరుసను మేము మళ్లీ మళ్లీ తలచుకొన్నాం. ముందు నిలబడే చోటును ఎంచుకోవడం నేర్చుకొన్నారు, ఆ తరువాతే యంత్రం కొన్నారు. మేము ఈ రెండింటినీ తలక్రిందులు చేయబోయాం.

ఆ రోజులలో దృశ్యాన్ని చిత్రించడమంటే ఎంతటి శ్రమో నేటి విద్యార్థికి కొంత వివరించవలసి ఉంటుంది. గాజుపలకపై కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచాలి. దానిని చీకటిలో సిల్వర్ నైట్రేట్ నీటిలో ముంచాలి. ఆ తడి ఆరేలోపుగా కెమెరాలో అమర్చి, వెలుగుకు చూపి, మళ్లీ చీకటిలోకి తీసుకుపోయి రసాయనాలతో బొమ్మను పైకి రప్పించాలి. తడి ఆరిందా, పలక పనికిరాదు. మన ఎండలలో అది ఆరడానికి ఎక్కువసేపు పట్టదు. కావున ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళితే చీకటిగది అక్కడికి వెళ్లాలి. నల్లగుడారం, గాజుపలకల పెట్టెలు, మందుల సీసాలు, నీళ్లు, మూడుకాళ్ల స్టాండు, బరువైన కొయ్య కెమెరా, వీటిని మోయడానికి మనుషులు, బండ్లు కావలసి వచ్చేవి. కొండ ఎక్కి ఒక్క చిత్రం తీయడానికి ఒక పూట పోయినా ఆశ్చర్యం లేదు. ఇంత మోతతో పోయేవాడు ఏది అవసరమో ఏది అనవసరమో ముందే తేల్చుకోక తప్పదు.

ఇందోరులో మహారాజా రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఈ యువ ఉద్యోగిలోని నైపుణ్యాన్ని గుర్తించి ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు దీన్‌దయాళ్ ఆయన చిత్రాలు తీశారు. కెమెరా పట్టి రెండేళ్లయినా నిండని మనిషికి అది దక్కడం విశేషమే. డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882లో బుందేల్‌ఖండ్ పర్యటనకు బయలుదేరుతూ ఆయనను వెంటబెట్టుకొని వెళ్లారు. గ్వాలియర్ కోట, దతియా, ఓర్ఛా రాజభవనాలు, సాంచీ స్తూపం మొదలైనవాటిని దీన్‌దయాళ్ చిత్రించగా, అవి 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల గ్రంథంగా వెలువడ్డాయి. ఆయన పేరు చిరస్థాయిగా నిలిచినది ఈ చిత్రాల వల్లనే అని మా అభిప్రాయం. రాజుల కొలువుకూటాలు, పులివేటలు తరువాతి మాట.

ఆ చిత్రాలను నిదానంగా చూడండి. కోట గోడ ఏ మూలనూ వంగదు, స్తంభాలు నిటారుగా ఉంటాయి. కట్టడం ఒక్కటే కాక అది నిలిచిన నేల, దాని పాదాన ఉన్న నీరు, దూరాన ఉన్న చెట్ల వరుస కలిసి వస్తాయి. అక్కడక్కడ ఒక మనిషిని నిలబెట్టడం వల్ల గోడ ఎత్తు మనకు బోధపడుతుంది. సర్వే చేసినవాడి చూపు ఇది. అయితే చూపు ఒక్కటే చాలదు. గీతలను వంచకుండా పట్టే లెన్సు కూడా ఉండాలి.

లెన్సుల కథ ఇక్కడ కొంత చెప్పక తప్పదు. 1840లో పెట్జ్‌వాల్ అనే శాస్త్రజ్ఞుడు మనుషుల రూపచిత్రాల కోసం ఒక లెన్సును రూపొందించాడు. అది వెలుగును ధారాళంగా లోపలికి పంపుతుంది. నడుమ ఉన్న ముఖం ఎంతో స్పష్టంగా వస్తుంది, అంచులు మసకబారుతాయి. ముఖచిత్రానికి అది అందం, కోటకు అది లోపం. 1866లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హైల్ ఒకరికొకరు సంబంధం లేకుండా, ముందు వెనుకల ఒకే తీరుగా ఉండే జంట కటకాలతో కొత్త లెన్సులు తయారుచేశారు. వీటిలో సరళరేఖ సరళరేఖగానే పడుతుంది. వెలుగు తక్కువగా పారినా అంచు నుంచి అంచుకు స్పష్టత ఉంటుంది. కట్టడాలకూ, ప్రకృతి దృశ్యాలకూ ఆ తరం వారు ఈ జాతి లెన్సులనే నమ్ముకొన్నారు. అంటే ఆనాడే ఈ వృత్తిలో లెన్సు ఎంపిక అంటే పని ఎంపిక. కొయ్యపెట్టె ఎవరు చేసినా పెట్టే.

ఇది చదివిన తరువాత మాలో సగం వాదం చల్లబడింది. తక్కిన సగం మా మిత్రుడొకరి అనుభవంతో చల్లబడింది. అతడు పెండ్లిళ్లకు చిత్రాలు తీసి సంపాదిద్దామని కిస్తీలపై ఖరీదైన కెమెరా కొన్నాడు. లెన్సుకు డబ్బు చాలక, ఎవరో వాడి వదిలిన దానిని ఒక దుకాణంలో చవకగా తీసుకొన్నాడు. ఇంటికి వచ్చి వెలుగుకు ఎత్తి చూస్తే లోపలి గాజుపై సాలెగూడు వంటి బూజు. సముద్రపు తేమకు లెన్సులలో బూజు పట్టడం మా ప్రాంతంలో తరచు జరిగేదే. సూర్యునికి ఎదురుగా పెట్టినప్పుడల్లా బొమ్మంతా పాలు కలిపిన నీళ్లలా వెలవెలబోయేది. కెమెరా ఎంత గొప్పదైనా ఆ గాజును దాటి చూడలేదు కదా. అతని తల్లి చేతి గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. మా ఉమ్మడి సొమ్మును గురించి మేమంతా అంతగా భయపడడానికి కారణం ఇదే.

మళ్లీ దీన్‌దయాళ్ జీవితానికి వస్తాం. 1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకలకు దారి చూపాడు. ఆ దశాబ్దం చివరకు అవి అంగళ్లలో దొరకసాగాయి. పలకను ముందుగానే సిద్ధం చేసి ఉంచుకోవచ్చు, చిత్రం తీసిన తరువాత ఇంటికి తెచ్చి కడగవచ్చు. పైగా వెలుగును వేగంగా పట్టుకొంటాయి. గుడారం బరువు తగ్గింది, కదిలే గుర్రం కూడా బొమ్మలో నిలిచింది. చేయి తిరిగిన పద్ధతిని విడిచి కొత్తదానికి మారడానికి వెనుదీసిన ఛాయాగ్రాహకులు ఆనాడు లేకపోలేదు. దీన్‌దయాళ్ ఆ కోవకు చెందినవారు కారు. 1885లో రావల్పిండి దర్బారు, సేనల విన్యాసాలు ఆయన కెమెరాకు చిక్కాయి. ఆ సంవత్సరమే వైస్రాయి ఛాయాగ్రాహకునిగా నియమితులయ్యారు.

అప్పటికే ఆయనకు హైదరాబాదు పిలుపు అందింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాగ్రాహకునిగా స్వీకరించారు. ఆయన ప్రభుత్వోద్యోగానికి స్వస్తి చెప్పి సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పారు. 1892లో అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు నిస్సంకోచంగా వచ్చి చిత్రాలు తీయించుకొనే ఏర్పాటు అది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. ఉర్దూ చదివే మా మిత్రులకు ఈ మాట విప్పిచెప్పనక్కరలేదు. తస్వీర్ అంటే చిత్రం, ముసవ్విర్ అంటే చిత్రకారుడు. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. కుంచె పట్టినవారికే చెల్లే మాటను కెమెరా పట్టినవానికి బిరుదుగా ఇవ్వడంలో ఆ ప్రభువు రసజ్ఞత కనిపిస్తుంది. ఆయన స్వయంగా ఉర్దూ కవి, దాగ్ దెహ్లవీకి శిష్యుడు. తన ఛాయాగ్రాహకుని ప్రశంసిస్తూ ఒక షేర్ కూడా చెప్పారని ప్రతీతి.

1896లో బొంబాయిలో మరొక స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజపత్రం లభించింది. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి ప్రక్కన నిలిచిన చిత్రం ఆయన సంస్థ పేరుతో లోకమంతా తిరిగింది. మా దృష్టిలో అంతకంటె విలువైనవి ఔరంగాబాదు ప్రాంతంలో కరువు పనుల చిత్రాలు. మట్టితట్టలు మోసే కూలీలు, త్రవ్వుతున్న చెరువులు, ఎండిన నేల అందులో ఉన్నాయి. ప్రకృతి దృశ్యమంటే సూర్యోదయం, కెరటం మాత్రమే కాదని మాకు తోచినది ఆ చిత్రాలు చూసినప్పుడే. వాడరేవులోనూ సూర్యుడు ఉదయించే వేళకు ఒడ్డున వలలు లాగే చేతులు ఉంటాయి. వాటిని తప్పించి కెరటాన్ని ఒక్కదానినే తీయడానికి మేము మొదట ఎంత తంటాలు పడ్డామో తలచుకొంటే నవ్వు వస్తుంది.

ఇంతకూ మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకొన్న సంగతి వేరొకటి ఉంది. దీన్‌దయాళ్ కెమెరాలో కూడా అద్దం లేదు! నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకుటద్దంపై లెన్సు నేరుగా పడవేసిన బొమ్మను ఆయన చూసేవారు. అది తలక్రిందులుగా పడేది. స్పష్టత సరిచూసుకొని, గరుకుటద్దం స్థానంలో పలకను జొనిపేవారు. చూసిన బొమ్మే పలకపై పడేది. తరువాతి కాలంలో చేతిలో పట్టి తీసే కెమెరాలు వచ్చాక, లెన్సుకూ ఫిల్ముకూ నడుమ ఏటవాలుగా ఒక అద్దాన్ని నిలిపి, దృశ్యాన్ని పైకి మళ్లించి కంటికి చూపే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ నుంచి సుమారు అర్ధశతాబ్దం ఈ పద్ధతిదే రాజ్యం. 2008లో పానసోనిక్ లూమిక్స్ జీ1తో ఆ అద్దం తొలగడం మొదలైంది. 2013లో సోనీ ఏ7తో పూర్తి పరిమాణపు సెన్సర్‌కు కూడా అది వర్తించింది. 2018లో నికాన్, కానన్ సంస్థలు తమ పెద్ద కెమెరాలలో ఇదే మార్గం పట్టాయి. అద్దం పోవడంతో లెన్సు సెన్సర్‌కు దగ్గరగా జరిగింది. నికాన్‌లో 46.5 మిల్లీమీటర్ల ఎడం 16కు తగ్గింది. వెడల్పుగా చూపే లెన్సులను సులువుగా, అంచుల వరకు స్పష్టంగా తయారుచేయడానికి ఇది తోడ్పడింది. దృశ్య చిత్రణకు ఇది చిన్న మేలు కాదు.

సెన్సర్ మీద పడినదే కంటి దగ్గరి చిన్న తెరపై కనిపించడం మరొక మేలు. సముద్రంపై లేచే సూర్యుని అద్దపు కెమెరాలో పెద్ద లెన్సుతో చూడడం కంటికే ప్రమాదం. మిర్రర్‌లెస్‌లో కన్ను చూసేది తెరను మాత్రమే. వెలుగు ఎక్కువైతే బొమ్మ తీయకముందే తెలిసిపోతుంది. మా మిరపకల్లాలలో ఈ సౌకర్యం ఎంతో ఆదుకొంటుంది. ఎండలో పరచిన ఎర్రని పండుమిరపను చిత్రించేటప్పుడు ఎరుపు ఒక్కటే ముందుగా పొంగిపోయి, కాయకూ కాయకూ తేడా తెలియని ఎర్రముద్దగా మిగులుతుంది. ఎరుపు రేఖాపటాన్ని తెరపైనే చూసి వెలుగును కొద్దిగా తగ్గించి, రా పద్ధతిలో భద్రపరిస్తే ముడతలతో సహా వస్తుంది. దీన్‌దయాళ్ కాలపు మామూలు పలకలు నీలి వెలుగును మాత్రమే బాగా గ్రహించేవి, ఎరుపు వాటికి కనిపించదు. ఆ చిత్రాలలో ఆకాశం తెల్లగా బోసిగా ఉండడానికి కారణం అదే. ఆ పలకపై మన మిరపకల్లం బొగ్గుకుప్పలా నల్లగా పడి ఉండేది.

ఇక సెన్సర్ పరిమాణం గురించి. పది పన్నెండు అంగుళాల గాజుపలక వైశాల్యం నేటి పూర్తి పరిమాణపు సెన్సర్‌కు, అంటే 36×24 మిల్లీమీటర్లకు, సుమారు 90 రెట్లు. ఈ లెక్క కట్టిన తరువాత, పూర్తి సెన్సరా, దానిలో సగానికి తక్కువైన ఏపీఎస్-సీ సెన్సరా అని మేము పడిన జగడం పిల్లల జగడంగా తోచింది. చీకటి వేళల్లో పెద్ద సెన్సర్ మేలన్నది నిజమే. అయితే మూడుకాళ్ల స్టాండు ఉన్నవానికి, కదలని దృశ్యం ముందు, ఆ తేడా చాలా వరకు తగ్గిపోతుంది. ధరలోనూ బరువులోనూ తేడా మాత్రం తగ్గదు.

లెన్సుల ఎంపికలో మా నేల తీరు మాకు బోధించినది ఒకటుంది. దృశ్య చిత్రణ అంటే అతి వెడల్పు లెన్సు అని అందరూ అంటారు. అది కొండలున్న చోట సరి. వాడరేవు నుంచి లోపలికి మా భూమి పళ్లెంలా సమంగా ఉంటుంది. వెడల్పు లెన్సు పెడితే పైన ఖాళీ ఆకాశం, కింద ఖాళీ ఇసుక, నడుమ దారం వంటి సముద్రం వస్తాయి. ముందుభాగాన ఒక పడవ అంచో, వల కుప్పో ఉంటేనే అది నిలుస్తుంది. అరువు తెచ్చిన లెన్సులతో నాలుగైదు ఉదయాలు తిరిగాక, మాకు పనికివచ్చినవి ఎక్కువగా మధ్యరకం, దూరపు లెన్సులే అని తేలింది. సరుగుడుతోపు వెనుక లైట్‌హౌస్, ఒకదాని వెనుక ఒకటిగా కెరటాలు దాటే పడవలు, పత్తిచేల గట్లు, కల్లాల ఎర్రని చారలు దూరపు లెన్సులో దగ్గరకు చేరి ఒకదానిపై ఒకటి పేర్చినట్లు అందంగా అమరుతాయి. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచితే చాలు. ఏపీఎస్-సీలో ఎఫ్/11 దాటి మూసిన కొద్దీ వెలుగు అంచుల వద్ద వంగి స్పష్టత తగ్గుతుంది. ఒడ్డున లెన్సు మార్చడం మాత్రం కూడని పని. ఉప్పుగాలి, ఇసుక లోపల చేరితే అద్దం అడ్డుగా లేని సెన్సర్‌పైనే పడతాయి. తెర నిరంతరం వెలుగుతూ ఉండడం వల్ల బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రెండవది జేబులో ఉండాలి.

1904లో దీన్‌దయాళ్ కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. ఆ దుఃఖం నుంచి తేరుకోకముందే, 1905 జూలై 5న ఆయన బొంబాయిలో కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను నడిపాడు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా గతించడంతో పాతకాలపు ఆదరణ కరువైంది. ఎవరి వద్దనైనా చేతికెమెరా ఉండే కాలం కూడా వచ్చింది. అయినా కుటుంబంవారు గాజుపలకలను పదిలపరిచారు. వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన స్మారక తపాలాబిళ్ల విడుదల చేసింది.

గాజు పగిలే వస్తువు. అదే వందేళ్లు దాటి నిలిచింది. మా కళాశాలలో కిందటి సంవత్సరపు వార్షికోత్సవ చిత్రాలు భద్రపరచిన డిస్కు రెండేళ్లు కూడా తిరగకుండానే మూగబోయింది. అందుచేత చివరకు మా సొమ్మును ఇలా పంచాం: ఒకరు వాడిన ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, మధ్యరకం జూమ్ లెన్సు ఒకటి, దూరపు లెన్సు ఒకటి. లెన్సులు రెండింటినీ కిటికీ దగ్గర వెలుగుకు ఎత్తి, ముందు నుంచీ వెనుక నుంచీ చూసిన తరువాతే డబ్బు చెల్లించాం. బరువైన స్టాండు చీరాలలో దొరికింది. మిగిలినదానితో చిత్రాల నకళ్లు రెండు వేర్వేరు చోట్ల దాచడానికి రెండు డిస్కులు, తేమ పట్టకుండా మూత బిగువుగా ఉండే డబ్బా, అందులో వేసే సిలికా గుళికల సంచులు కొన్నాం. వెడల్పు లెన్సుకు డబ్బు మిగలలేదు.

మొదటి ఉదయం మేము వాడరేవు చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆ రోజు చిత్రాలేవీ తీయలేదు. ఒడ్డు వెంట అటూ ఇటూ నడిచి, స్టాండు ఎక్కడ నిలపాలో, ఏ పడవ ఏ పడవను కప్పుతుందో ఒక కాగితంపై గీసుకొని తిరిగి వచ్చాం.